నర్సయ్యల దగ్గర ఆగిన సర్వర్

ఆమె పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా సరోజ వదిన. సూరత్‌లోనే ఆల్థాన్ వైపు ఎవరింట్లోనో చీరలకు ఫాల్స్ కుట్టి ఇచ్చి, అటునుంచి అటే మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడి, "మీ బ్యాంకు మేడమ్ పోయిందంటనే. నిద్రల్నే పోయిందట. ఇంటి ముంగట మంది బాగున్నరు," అంది.

నేను దేవుడి ముందు కూర్చుని ఒత్తులు చేసుకుంటున్నాను. దూది చేతిలోనే ఉండిపోయింది. విచిత్రం ఏమిటంటే, ఆ క్షణాన నాకు ఆమె ముఖం కంటే ముందు ఒక ఎర్ర బొట్టుబిళ్ళ గుర్తొచ్చింది. అది ఆమె నుదుట ఉండేది కాదు, ఒక మెషిన్ బటన్ మీద ఉండేది.

ఆ ఒత్తితో దీపం ఆమె పేరునే వెలిగించి, ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాను.

తొంభైల చివర్లో నేను ఒక ట్రస్టు నడిపే ఛాతీ జబ్బుల దవాఖానాలో కంప్యూటర్ మీద పేర్లు ఎక్కించే పని చేసేదాన్ని. మగ్గాల షెడ్లు ఎక్కడ అయిపోయి ఇళ్ళు ఎక్కడ మొదలవుతాయో తెలియని బస్తీ అంచున ఉండేది ఆ దవాఖానా. వచ్చేవాళ్ళలో సగానికి పైగా మనవాళ్ళే, బతుకుదెరువుకు సూరత్ చేరిన తెలంగాణ నేతకారులు. టీబీ అని తేలితే నెలల తరబడి మందు మింగాలి. మధ్యలో ఆగితే జబ్బు తిరగబెడుతుంది, ఈసారి మొదటి మందుకు లొంగదు. ఎవరికి ఏ నెల నడుస్తోంది, ఏ పొట్లం ఇవ్వాలి అన్నదంతా కంప్యూటర్ చెప్పేది.

మా బాపు కూడా అక్కడి రోగే. సూరత్ పక్కనున్న పల్సానాలో మగ్గాల మీద పనిచేసేవాడు. దగ్గుతో పని మానేసి మందు మింగుతున్నాడు, కాస్త కోలుకుంటున్నాడు. పేరు నర్సయ్య. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథంతా దీనితోనే.

నాకు బడి చదువు లేదు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండెకు తగిలింది. డాక్టరు పరుగెత్తొద్దన్నాడు, అమ్మ గడప దాటొద్దంది. బాపు షిఫ్టు దిగి వచ్చి పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. నానమ్మ తన భక్తి పుస్తకాలు నాచేత చదివించుకునేది. గుజరాతీ పక్కింటి బెన్‌లు, అంటే అక్కల దగ్గర, ఇంగ్లీషు అక్షరాలు రింగ్ రోడ్ బట్టల మార్కెట్ నుంచి వచ్చే చీరల పెట్టెల మీద నేర్చుకున్నాను. అలాంటిదానికి కంప్యూటర్ ముందు కుర్చీ ఇచ్చాడు దేవుడు. రోజూ పొద్దున దానికి దండం పెట్టుకునే కూర్చునేదాన్ని.

అలా ఉండగా పాత కంప్యూటర్ మూలగడం మొదలుపెట్టింది. లోపలి డిస్కు కరకరమనేది. అది ఏ రోజైనా పోవచ్చని, ట్రస్టు వాళ్ళు కొత్త సర్వర్ కొన్నారు. ఏళ్ళ తరబడి చేరిన రోగుల వివరాలన్నీ పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఒక్కసారిగా పోయాలి. దాన్ని ఇంపోర్ట్ అంటారు. వచ్చే నెల నుంచి మందుల పొట్లాలు కొత్త సర్వర్ ఇచ్చే జాబితా ప్రకారమే వస్తాయని పైనుంచి చెప్పేశారు.

ఇంపోర్ట్ మొదలుపెడితే పేర్లు గబగబా ఎక్కేవి. కొంత దూరం పోయాక తెర మీద అంతా బిగుసుకుపోయేది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. చేసేదేమీ లేక రీసెట్ బటన్ నొక్కి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్ళం. మళ్ళీ బిగుసుకునేది. అమ్మిన కంపెనీ నుంచి ఇంజనీరు వచ్చి మెమరీ పెంచి వెళ్ళాడు. ఇంకాస్త దూరం పోయి ఆగింది. ట్రస్టు సెక్రటరీని అందరూ కాకా అని పిలిచేవాళ్ళు. పెద్దాయన, మంచి మనిషి. రోజూ తలుపులోంచి తొంగిచూసి, "బెన్, ఫరీ బంధ్?" అనేవాడు. మళ్ళీ ఆగిందా అని. నేను తల ఊపేదాన్ని. ఆయన నిట్టూర్చి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు ఎవరూ లేరు కదా అని నేను ఆ సర్వర్ ముందు కూర్చుని, "కదులవేందే తల్లీ, నీకేం తక్కువ జేసినం," అని ఏడుపు గొంతుతో అంటున్నాను. వెనక నుంచి ఎవరో తెలుగులో, "పాపం, దానికి తెలుగు రాదేమోనమ్మా," అన్నారు.

తిరిగి చూస్తే నలభై దాటిన మనిషి. నూలు చీర, చంకలో హెల్మెట్, చేతిలో తడి జేబురుమాలు. తన ఇంట్లో పనిచేసే ఆవిడ భర్తకు ఎక్స్‌రే తీయించడానికి వచ్చిందట. ఏదో బ్యాంకులో కంప్యూటర్ల విభాగంలో పని. కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద సూరత్ వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

"ఏమైంది?" అంది.

"ఆగిపోయింది మేడమ్."

"ఆగింది అనకు. ఏం చేస్తూ ఆగిందో చెప్పు."

ఆ ఒక్క మాటే ఆమె. ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో. మెషిన్ల గురించే అనేది కాదు. బాపు తిండి మానేశాడంటే, ఏం తింటూ మానేశాడు అనేది. పక్కింటివాళ్ళు మాట్లాడడం మానేశారంటే, ఏం మాట్లాడుతూ మానేశారు అనేది. సగం గొడవలు ఆ ప్రశ్నకు జవాబు వెతికేలోపే తీరిపోయేవి.

మరుసటి ఆదివారం హెల్మెట్‌తో సహా దిగింది. ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత బ్యాంకుకు ఎప్పుడు సెలవైతే అప్పుడు మా దవాఖానాలోనే ఉండేది. సర్వర్ గది గడప ముందు చెప్పులు విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చేది. భక్తి అనుకుని నేను మురిసిపోయాను. "భక్తి కాదమ్మాయ్, దుమ్ము. మీ మగ్గాల నూగు నా కాళ్ళకి పట్టుకుని లోపలికొస్తోంది," అంది. అయినా నేను భక్తి అనే లెక్కవేసుకున్నాను. ఇప్పటికీ అదే నా లెక్క.

"ఎంతవరకు చదివావు?" అని అడిగింది.

"బడికి పోలేదక్కా. ఇంట్లనే మా బాపు చెప్పిండు."

"మంచిదే. అడగడానికి సిగ్గుపడడం ఎవరూ నేర్పలేదన్నమాట. నీకు అర్థం కానిది ప్రతీదీ అడుగు. నీకు చెప్పలేకపోతే నాకూ అర్థం కానట్టే."

సర్వర్ పక్కన కూర్చుంటే అరచేయి దాని మీద ఆనించేది, పిల్లాడికి జ్వరం చూసినట్టు. వేయించిన శనగలు తెచ్చుకునేది కానీ గదిలో ఒక్క గింజ నోట్లో వేసుకునేది కాదు. నమలాలంటే వరండాలోకి పోయేది. అసలు మాట్లాడకుండా చాలాసేపు కూర్చోగలిగేది. ముందు చిన్న దీపంలా ఒక లైటు ఉండేది, డిస్కు పనిచేస్తుంటే మిణుకుమిణుకుమనేది. ఆమె తెర వైపు చూసేది తక్కువ, ఆ లైటు వైపు చూసేది ఎక్కువ.

తెర బిగుసుకోగానే అలవాటు కొద్దీ నా వేలు రీసెట్ వైపు పోయేది. రెండోసారో మూడోసారో నా చేయి పట్టుకుని ఆపింది. తన నుదుటి బొట్టుబిళ్ళ తీసి ఆ బటన్ మీద అతికించింది.

"బొట్టు పెట్టాను. ఇక ఇది దేవుడు. ముట్టుకోకు."

నేను లెంపలేసుకున్నాను. ఆమె నవ్వింది కానీ, నా దండాన్ని చూసి నవ్వలేదు. ఇంకో బొట్టుబిళ్ళ సంచీలోంచి తీసి పెట్టుకుంది.

ఆమె పద్ధతి ఏమిటంటే, అనుమానాలన్నీ వరసలో నిలబెట్టి ఒక్కోదాన్నే అడగడం. ఒకేసారి రెండు మార్పులు చేయనిచ్చేది కాదు. మొదటి అనుమానం మా బాపుది.

"పక్క షెడ్ల మగ్గాలన్ని ఒక్కసారి షురువైతయి మేడమ్. కరెంటు గుంజుకుంటయి. మా ఇంట్ల లైటు బుగ్గ గుడ్డిదైతది," అన్నాడు.

ఆమె తీసిపారేయలేదు. మీటరు తెచ్చి కరెంటు చూసింది, మగ్గాలకు సెలవు ఉన్నరోజు ఇంపోర్ట్ నడిపించింది. ఆరోజూ ఆగింది. "మంచిది. ఇది కాదు," అని ఒక వేలు ముడిచింది. తర్వాత వేడి మీద అనుమానం. పెట్టె మూత విప్పి బ్రష్షుతో దులిపితే, పిట్టగూడంత నూగు బయటికి వచ్చింది. గది అంతా చల్లబడ్డాక నడిపించాం. ఆగింది. "మంచిది. ఇదీ కాదు." ఇంకో వేలు. డిస్కు పరీక్షించింది. అదీ కాదు. కాదని తేలిన ప్రతిసారీ ఆమె ముఖంలో వెలుగు పెరిగేది, నా ముఖంలో తగ్గేది.

"అక్కా, అన్నీ కాదంటివి. ఇగ ఏం మిగిలిందో నాకు భయమైతుంది," అన్నాను.

"పిచ్చిదానా, అన్నీ కాదంటే దగ్గరికొచ్చామని. నువ్వు గర్భగుడి చుట్టూ తిరిగేటప్పుడు, అబ్బా ఇంకా దేవుడు కనపళ్ళేదే అని ఏడుస్తావా?"

ఆ మాట నాకు లోపల ఎక్కడో నాటుకుంది. ఈ రోజుకూ ఏదైనా కష్టం తెమలకపోతే, ప్రదక్షిణలో ఉన్నాను అనుకుంటాను.

ఆగేముందు తెర మీద ఆఖరున కనిపించే పేరు చూడమంది నన్ను. చూడగా చూడగా తెలిసింది, ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరాల వరసలో ఎన్ దగ్గరే ఆగుతోంది. ఎన్ దాటి ఒక్కసారీ పోలేదు. మన లోకం వదిలి వెళ్ళిన ఎవరి వివరమో అక్కడ అడ్డుపడుతోందేమో అనిపించి, ఆమె మళ్ళీ వచ్చే రోజు పొద్దున అగరుబత్తి వెలిగించి సర్వర్ చుట్టూ తిప్పాను. ఆమె వచ్చి వాసన పట్టేసింది.

"అమ్మాయ్, పొగ లోపలికి పోతుంది. తలుపు దగ్గర వెలిగించు. దేవుడు తలుపు దగ్గర కూడా ఉంటాడు."

నాకు ఆమె మీద కోపం రాలేదు. దేవుణ్ణి గదిలోంచి పంపలేదు కదా, జరిగి కూర్చోమంది అంతే.

నెలాఖరు దగ్గరపడింది. పాత కంప్యూటర్ రోజుకోసారి మొరాయిస్తోంది. కాకా ఇక ఉండబట్టలేకపోయాడు. బ్యాంకు సెలవు రోజది, దవాఖానాలో మందులిచ్చే రోజు కూడా. ఆయన గదిలోకి వచ్చి హిందీలో, కంపెనీ ఇంజనీరు ఒక ఉపాయం చెప్పాడన్నాడు. తండ్రి పేరూ సొంత పేరూ ఒకటే ఉన్నవాళ్ళను ఒక్క మనిషి కిందే కట్టేస్తే బరువు తగ్గుతుంది, సర్వర్ తట్టుకుంటుందట. ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ వచ్చి పేరు రాయించుకుని ఉంటాడని ఆయన అనుకున్నాడు. "ఏక్ నామ్, ఏక్ ఆద్మీ. బస్, ఖతమ్."

"ఒకసారి చేసి చూద్దాం కాకా. సర్వర్ మీద కాదు, పక్క కంప్యూటర్ మీద," అంది ఆమె.

కొద్దిమంది వివరాలతోనే చేసి, జాబితా కాగితం మీద తీశాం. నా కళ్ళు వాటంతటవే బాపు పేరు కోసం వెతికాయి. నర్సయ్య, తండ్రి రాజయ్య. ఎదురుగా ఉన్న మాట: చికిత్స పూర్తి. ఇక మందు అక్కర్లేదు.

బాపుకు సగం మందే అయింది. పక్క సందులో ఇంకో రాజయ్య కొడుకు నర్సయ్య ఉన్నాడు, ఆయనకు మందు ఎప్పుడో పూర్తయింది. కంప్యూటర్ ఇద్దర్నీ కలిపేసింది. ఈ జాబితా పైకి పోతే వచ్చే నెల బాపు పొట్లం రాదు. బాపు దగ్గు అప్పుడప్పుడే తగ్గుతోంది. కాగితం ఆమె ముందుకు తోశాను.

ఆమె చదివి కాకా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "కాకా, ఇస్ నామ్ కే దస్ ఆద్మీ హోంగే. ఏక్ కీ దవా సే దసోం కైసే ఠీక్ హోంగే?" అంది. ఒకడి మందుతో పదిమందికి ఎలా నయమవుతుంది అని. ఆయన కాగితం తీసుకుని, కళ్ళజోడు సరిచేసుకుని, చాలాసేపు చూసి మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది మళ్ళీ బయటికి రాలేదు.

"మీ నాన్నగారు వరండాలోనే ఉన్నారుగా? ఏ నెల నడుస్తోందో ఆయన్నే అడుగుదాం," అంటూ ఆమె లేచింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. మందుల కోసం వచ్చినవాళ్ళు బెంచీల మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఆమె వరండా మధ్యలో నిలబడి పిలిచింది.

"నర్సయ్య గారూ!"

బెంచీ బెంచీ లేచి నిలబడింది.

ఆమె తడబడింది. "రాజయ్య కొడుకు నర్సయ్య గారు," అంది.

కొందరు కూర్చున్నారు. కూర్చోనివాళ్ళే ఎక్కువ.

"అందరూ రాజయ్య కొడుకులేనా?"

మా బాపు ముందుకు వచ్చాడు. "మా ఇండ్లల్ల నర్సింహస్వామి దేవుడు మేడమ్. అందుకే గీ పేరు. తాత పేరు మనుమనికి పెడ్తం. రాజయ్య కొడుకు నర్సయ్య, నర్సయ్య కొడుకు రాజయ్య. గట్లనే తిరుగుతది, మగ్గం మీద నూలు కండె తిరిగినట్టు."

"మరి ఒకే ఇంట్లో ఇద్దరుంటే? నర్సయ్యా అని పిలిస్తే ఎవరు పలుకుతారు?"

"ఆకలైనోడు పలుకుతడు," అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన.

వరండా అంతా గొల్లుమంది. ఆమె మాత్రం నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. తర్వాత, అందరి నవ్వూ అయిపోయాక, ఒక్కతే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే గదిలోకి పరుగెత్తుకొచ్చింది. చెప్పులు విడవడం మరిచిపోయింది. ఆమె అలా మరిచిపోవడం నేను చూడడం అదే మొదలు, అదే ఆఖరు.

"అమ్మాయ్, ఇది ఎప్పుడూ ఆగలేదు. వెతుకుతోంది!"

నాకు అర్థమయ్యేలా ఇలా చెప్పింది. కొత్త మనిషిని ఎక్కించే ముందు సర్వర్, ఇతను ఇదివరకే లోపల ఉన్నాడా అని చూస్తుంది. పేరును బట్టి చూస్తుంది. ఆ పేరు గలవాళ్ళందరి వివరాలూ, నెలనెలా మందులతో సహా, తీసి బల్ల మీద పరుస్తుంది. ఒక్కొక్కరితో పోలుస్తుంది. గుజరాతీ పేర్లకు ఇద్దరో ముగ్గురో ఉంటారు, చిటికెలో పని. నర్సయ్య వచ్చేసరికి నర్సయ్యలందర్నీ బల్ల మీదికి తేవాలి. బల్ల చాలదు. కింద పెడుతుంది, కిందవి పైకి తీస్తుంది, పైవి కింద పెడుతుంది. ఆ పనిలో పడి మనం పిలిస్తే పలకదు. ఇంజనీరు మెమరీ పెంచాడంటే బల్ల పెద్దది చేశాడు. ఇంకొందరు నర్సయ్యలు పట్టారు, అంతే.

"ఇది పని చేస్తూనే ఉంది. మనమే చచ్చిపోయిందనుకుని ప్రతిసారీ గొంతు నొక్కాం. పైగా నొక్కినప్పుడల్లా సగం ఎక్కిన నర్సయ్యలు లోపలే ఉండిపోయారు. మళ్ళీ మొదలుపెడితే వాళ్ళతో కూడా పోల్చాలి. మనం నర్సయ్యల్ని పెంచుకుంటూ పోయామమ్మాయ్!"

నేను ఆ మిణుకుమనే లైటును చూశాను. పాపం, ఇన్నాళ్ళూ అది మా బాపునే వెతుకుతోంది.

"ఇప్పుడు చెప్పు," అంది ఆమె, ఈసారి నా ఎదురుగా కుర్చీ లాక్కుని. "ఇంతమందిలో మనిషి మనిషికీ వేరుగా ఉండేది ఏముంది మీ దగ్గర? పేరు కాదు, తండ్రి పేరు కాదు, సందు కాదు. ఎప్పటికీ మారనిది."

ఆలోచించాను. "మొదటి ఎక్స్‌రే నంబరక్కా. ఒకరిది ఒకరికి రాదు. కంప్యూటర్ల దానికి జాగ ఉంది గని ఎవరు నింపలే."

"ఎక్కడ దొరుకుతుంది?"

"ఫిల్మ్ మూలకు ఉంటది. ఫిల్ములు ఇండ్లల్ల ఉంటయి."

"ఇళ్ళల్లో ఎక్కడ? పారేసి ఉంటారా?"

"అయ్యో, ఎందుకు పారేస్తరక్కా? దేవుని పటాల ఎనుక పెడ్తరు."

నిజమే, మా బస్తీలో అందరూ అదే చేసేవాళ్ళు. లోపలి గుండె, ఊపిరి కనపడే బొమ్మను ఇంకెక్కడ పెట్టాలో మాకు తోచేది కాదు. స్వామి వెనక ఉంటే స్వామి చూసుకుంటాడని.

కాకా మందుల స్టోరుకు ఫోన్ చేసి జాబితాకు కొంచెం గడువు అడిగాడు. షెడ్డు నుంచి షెడ్డుకు మాట పోయింది. ఒకే పేరు గలవాళ్ళందరూ మొదటి ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని రావాలి. ఆదివారం పొద్దుటికల్లా దవాఖానా ముందు నర్సయ్యలు, వాళ్ళ వెనక రాజయ్యలు, మల్లయ్యలు, లక్ష్మిలు. చీరల సంచుల్లో చుట్టుకుని, చంకల్లో పెట్టుకుని, తమ తమ ఊపిరితిత్తులు మోసుకొచ్చారు. కాకా అందరికీ చాయ్ పోయించాడు. ఆమె ఒక్కో ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి నంబరు చదివేది, నేను కొట్టేదాన్ని.

లచ్చవ్వ అనే ఒకామె భర్త ఫిల్ము తెచ్చింది. రోజూ పూజ చేసిందేమో, మూలనున్న నంబరు కుంకుమతో కప్పుకుపోయింది.

"అమ్మా, బొమ్మకి బొట్టు పెట్టుకోండి గానీ, నంబరుకి పెడితే ఎలా చదివేది?" అంది ఆమె, తడి రుమాలుతో మెల్లగా తుడుస్తూ.

లచ్చవ్వ ఊరుకుంటుందా? సర్వర్ వైపు చూపించి, "మీరు బటన్‌కు పెట్టుకోవచ్చు, మేము నంబర్‌కు పెట్టుకోవద్దా మేడమ్?" అంది.

ఆమె ఓడిపోయినట్టు రెండు చేతులూ ఎత్తేసింది. ఆ రోజంతా ఆ మాటను తనకు తానే చెప్పుకుని నవ్వుకుంది.

లోపల మిగిలిపోయిన సగం సగం వివరాలన్నీ తుడిచేసి, పేరు బదులు ఎక్స్‌రే నంబరుతో వెతికేటట్టు మార్చింది. అందర్నీ ఒకేసారి తోయకుండా కొందరు కొందరుగా పంపే ఏర్పాటు చేసింది. ఒక గుంపు ఎక్కాక పక్కాగా రాసుకుని, ఊపిరి పీల్చుకుని, తర్వాతి గుంపును పిలవాలి. మీ ఇళ్ళల్లో పెళ్ళిభోజనాల బంతుల్లా అనుకో అంది.

ఆ మధ్యాహ్నం ఇంపోర్ట్ మొదలుపెట్టాం. బాపు తలుపు బయట గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే, "నేను లోపటికస్తె అది మల్ల పరేషానైతది," అన్నాడు. ఏ, బీ, సీలు గడిచాయి. ఎమ్ గడిచింది. ఎన్ వచ్చింది. తెర ఆగింది.

నా వేలు దానంతటదే లేచింది. ఎర్ర బొట్టు కనిపించింది.

"లైటు చూడు," అంది ఆమె చిన్నగా.

చూశాను. కంగారు లేకుండా, గుండె కొట్టుకున్నట్టు వెలిగి ఆరుతోంది. ఆమె అరచేయి సర్వర్ మీద ఉంది. నేను మనసులో స్వామి నామం అనుకుంటున్నాను. ఎంతసేపో తెలియదు. తెర కదిలింది. ఒక నర్సయ్య లోపలికి వెళ్ళాడు. ఇంకో నర్సయ్య. ఒకరి వెనక ఒకరు, తోసుకోకుండా, షిఫ్టు మారినప్పుడు షెడ్డు గేటులోంచి పోయినట్టు నర్సయ్యలందరూ లోపలికి వెళ్ళిపోయారు. చివరి అక్షరం దాకా ఎక్కడా ఆగలేదు.

వెంటనే బాపు నంబరు కొట్టి చూశాను. నర్సయ్య, తండ్రి రాజయ్య. నాలుగో నెల. మందు కొనసాగించాలి.

"బాపూ, నువ్వున్నవ్!" అని అరిచాను.

"నేనెటు వోయిన్నే?" అన్నాడు బయటి నుంచి. అని, కాసేపటికి తువ్వాలతో కళ్ళు తుడుచుకోవడం చూశాను.

ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "ఇప్పుడు వెలిగించుకో అమ్మాయ్ అగరుబత్తి. తలుపు దగ్గరే సుమా." బటన్ మీది బొట్టుబిళ్ళ తీసివ్వబోయాను. "ఉండనీ. రేపు నీ తర్వాత ఎవరొస్తారో," అంది. ఆ సర్వర్ ఉన్నన్నాళ్ళూ అది ఉంది. రంగు వెలిసినప్పుడల్లా నేనే మార్చేదాన్ని.

బాపు మందు పూర్తి చేశాడు. మళ్ళీ పల్సానా మగ్గాలెక్కాడు. నేను దేవుడికి చెప్పుకున్న కృతజ్ఞతల్లో ఆమెకు ఎప్పుడూ వాటా ఉంది.

చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి రింగ్ రోడ్‌లో, బట్టల మూటల మధ్య, జనం తోపులాటలో ఆమె ఎదురైంది. తల నెరిసింది. హెల్మెట్ చంకలోనే ఉంది. నన్ను చూడగానే పలకరింపుకు బదులు బాపు ఎక్స్‌రే నంబరు మొత్తం గడగడా చెప్పింది. "ఎలా ఉన్నాడాయన?" అంది. బాగున్నాడన్నాను. తెలుగువాళ్ళ పత్రికలో చిన్న చిన్నవి రాస్తున్నానని, ఆమె గురించి కూడా రాస్తానని చెప్పాను.

"రాసుకో. పేరు మాత్రం రాయకు," అంది. "నా పేరుగలవాళ్ళు వీధికో పదిమంది. పేరుతో వెతికితే నేను దొరకనమ్మాయ్. పైగా చదివేవాళ్ళు బిగుసుకుపోతారు."

వదిన చెప్పిన కబురు సాయంత్రం బాపుకు చెప్పాను. వయసు మీదపడి, ఇప్పుడు ఎక్కువగా అరుగు మీదే కూర్చుంటాడు. వినికిడి తగ్గింది, గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"అందరు నర్సయ్యా అని పిలిచిండ్రు, పోయిండ్రు," అన్నాడు. "ఏ నర్సయ్యవయ్యా అని అడిగి తెల్సుకున్నది గా బిడ్డ ఒక్కతే."

అందుకే ఆమె పేరు ఇక్కడ రాయలేదు. ఆమె మాట నిలబెట్టాను. ఇది చదివే మిమ్మల్ని నేను అడిగేది ఒక్కటే. ఈ రోజు మీ ఇంట్లో దీపం వెలిగించేటప్పుడు, సూరత్‌లో ఒక మెషిన్ బటన్‌కు తన నుదుటి బొట్టు పెట్టిన మనిషిని ఒక్కసారి తలుచుకోండి. ఆ గుర్తు చెబితే చాలు. స్వామి ఆమెను ఇంకెవరితోనూ కలపడు.